ముల్లు కదిలినప్పుడు

అరవై ఏడో సంవత్సరం నవంబరు ఆఖరున, మా కళ్లంలో తూర్పారబడుతుండగా నా భార్య తవిటమ్మ కుడి కంట్లో వరి పొట్టు పడింది. ఎడమ కన్ను ఆమెకు పదేళ్ల వయసులోనే పోయింది. అమ్మవారు పోసినప్పుడు దాని మీద తెల్లటి పొర మిగిలింది. ఉన్నది ఒక్క కన్ను. ఆ కంటితోనే పదిహేనేళ్లు నా ఇల్లు నడిపింది.

మర్నాటికి కన్ను నిప్పులా ఎర్రబడింది. ఆమె తమ్ముడు గంగులు కోతల సాయానికి వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు.

“బావా, బండి కట్టు. అప్పని పాతపట్నం ఆసుపత్రికి తీసుకెల్దుం.”

“కుప్పలు కళ్లంలో ఉన్నాయి. వానొస్తే నువ్వు పరుసుకుంటావేటి వాటిమీద?”

“అప్పకున్నది ఒక్క కన్ను బావా!”

“నాకు లెక్క రాదేటి? పసరు పోస్తే రెండు దినాల్లో తగ్గిపోద్ది.”

పసరు నేనే పోశాను. దొడ్డి వెనక తీగ ఆకు గుడ్డలో వేసి నలిపి, పొద్దున ఒకసారి, పొద్దువాలాక ఒకసారి. మా నాన్న ఎద్దుల కళ్లకు అదే పోసేవాడు, అవి బాగుపడేవి. తవిటమ్మ రెండు చేతులా గుంజ పట్టుకుని, “మావా, మండుతన్నాది, ఒగ్గీ,” అనేది. మండితేనే మందు అని నేను ఆమె రెప్ప విడదీసి పోసేవాణ్ణి. నాలుగో రోజు చీము వచ్చింది. పది రోజులకు నొప్పి తగ్గింది. చూశావా అన్నాను. ఆమె చూడలేదు. కంటిమీద కాగిన పాల మీగడంత మందాన పొర కట్టింది.

ఆ ఏడు వాన పడలేదు. గింజ తడవకుండా ధాన్యం మొత్తం ఇంటికి చేరింది.

ధాన్యం చేరిన సాయంత్రం గంగులు వీధి అరుగు మీద కూర్చుని, నలుగురూ వినేలా అన్నాడు. “ఆ కన్ను సచ్చిపోతే నువ్వు సంపీసినట్టే బావా. పెద్దల్లో పెడతాను. మా అప్పని మా ఊరు తీసుకెల్లిపోతాను. నీ ఎద్దులకి పోసుకో నీ పసరు.”

నేను ఒక మాటంటే పది మాటలనే మనిషిని. ఆ రోజు తల తిప్పి ఇంట్లోకి చూశాను. లోపల తవిటమ్మ చెయ్యి చాచి గోడ పట్టుకుని పొయ్యి దగ్గరికి నడుస్తోంది. అరచెయ్యి గోడకు రాసుకుంటున్న చప్పుడు అరుగు మీదికి వినబడింది. నాకు భయం మొదలైంది ఆ చప్పుడుతోనే.

విజయనగరంలో దాతలు కట్టించిన కంటి ఆసుపత్రి ఒకటి ఉందనీ, అక్కడికి రంగనాథం అనే కుర్ర డాక్టరు కొత్తగా వచ్చాడనీ ఎవరో చెప్పారు. జనవరి నెలలో తీసుకెళ్లాను. దారిలో అరసవల్లిలో దిగి మొక్కుకుందామంది తవిటమ్మ. బస్సు తప్పిపోతుందని దిగనివ్వలేదు. కిటికీలోంచి ఎటో దండం పెట్టుకుంది. గుడి రెండో వైపున ఉంది. నేను చెప్పలేదు.

రంగనాథం గుంటూరు వైపు మనిషి. సన్నగా, నిద్ర చాలని ముఖంతో ఉండేవాడు. రెప్పలెత్తి, టార్చి వేసి చూశాడు.

“చూడవయ్యా జగన్నాధం. ఈ పొర కోసేసి, చనిపోయిన మనిషి కంటి పొర తెచ్చి కుట్టొచ్చు. కానీ కంటి వెనక నరాల తెర ఒకటి ఉంటుంది. అది బతికుండాలి. అది చచ్చిపోతే పైన ఎంత మంచి పొర కుట్టినా గోడకి అద్దం బిగించినట్టే. ఎడమ కన్ను పాతది, అందులో నరం ఎలా ఉందో తెలియదు. కుడి కంట్లో చీము లోపలికి దిగిందేమోనని నా అనుమానం.”

చీము అనగానే నేను అడ్డుపడ్డాను.

“టార్చి ఏసి సూస్తే తెలీదా బాబూ?”

“ఇంత మందం పొరలోంచి వెలుగు సరిగా పోదు. కరెంటుకి పొర అడ్డం కాదు. కంటి దగ్గర చాలా కొద్దిగా కరెంటు పంపిస్తాను. నరం బతికుంటే, రెప్ప మూసుకుని ఉన్నా ఆవిడకి మెరుపు కనబడుతుంది. పెద్ద ఊళ్లలో నరం ఇచ్చే జవాబుని కాగితం మీద గీసే యంత్రాలున్నాయి. నా దగ్గర అవి లేవు. ఆవిడ నోటి మాటే నాకు కొలత.”

మా ఊళ్లో అప్పటికి కరెంటు లేదు. పాతపట్నంలో స్తంభమెక్కిన మనిషి నల్లగా కిందపడటం మాత్రం చూసి ఉన్నాను. “సంపీదు గదా బాబూ?” అన్నాను.

“చీమ కుట్టినంత కూడా ఉండదు.”

ఇక్కడ మా ఇళ్ల సంగతి ఒకటి చెప్పాలి. మాలో పరువుగా బతికే ఇళ్ల ఆడవాళ్లు పరాయి మగవాడికి ఎదురుగా జవాబు చెప్పరు. గాజులవాడు వచ్చినా తలుపు చాటునుంచి ఇంటి మనిషికి చెబుతారు, ఆ మనిషి గాజులవాడికి చెబుతాడు. తవిటమ్మ డాక్టరు గదిలో కొంగు ముక్కు దాకా లాక్కుని, నా చెవిలో చెప్పేది. నేను పైకి చెప్పేవాణ్ణి. రంగనాథానికి మొదట విసుగేసింది. “ఆవిడనే చెప్పమనవయ్యా,” అన్నాడు. చెప్పదన్నాను. ఆవిడ గుసగుస, పైగా మా వైపు మాట, ఆయనకు అంతుపట్టలేదు. చివరికి, “సరే, ఉన్నదున్నట్టు చెప్పు. ఒక్క మాట కూడా కలపకు,” అన్నాడు.

పెట్టె ఆయన ఎవరో రేడియో బాగుచేసేవాడి చేత కట్టించుకున్నది. చెక్క పెట్టె, తిప్పే మర, గాజు కింద సన్నటి ముల్లు. ఒక తీగ చివర వెండి బిళ్ల. దాన్ని ఉప్పునీళ్లలో తడిపిన దూదిలో చుట్టి రెప్ప మీద పెట్టాడు. రెండో బిళ్ల కణత మీద. తవిటమ్మను స్టూలు మీద గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, పెట్టె మాకు కనబడకుండా అటు తిప్పుకుని, తను దాని వెనక కూర్చున్నాడు. ఆయన వెనక మందుల బీరువా ఉంది. దానికి అద్దం తలుపులు. ఆ అద్దంలో ముల్లు నాకు కనబడుతూనే ఉంది.

ముందు ఎడమ కన్ను. స్విచ్చి టిక్కుమంది. ముల్లు మెల్లగా లేచింది. సగం దాటాక తవిటమ్మ వేళ్లు నా మణికట్టును పట్టుకున్నాయి.

“మావా, మెరిసింది. నీలంగా.”

“కనబడిందంట బాబూ. నీలంగా.”

డాక్టరు రాసుకున్నాడు. మళ్లీ టిక్. ఈసారి ముల్లు కదల్లేదు. ఆమె “నేదు,” అంది. “లేదంట,” అన్నాను. కరెంటు పంపకుండానే ఉత్తి స్విచ్చి నొక్కి మమ్మల్ని పరీక్షిస్తున్నాడని అప్పుడు నాకు అర్థమైంది. నేను ఐదో తరగతి దాకా చదివాను. మేష్టారు ఏ లెక్కలో మెలిక పెడతాడో ముందే పసిగట్టేవాణ్ణి. అలా అయిదారుసార్లు. ముల్లు సగం దాటినప్పుడల్లా ఆమెకు మెరిసింది. కదలనప్పుడు మెరవలేదు. పాతికేళ్లు గుడ్డిగా ఉన్న కన్ను అది. కొంగు కింద ఆమె నవ్వుతోందని నాకు తెలుసు.

తరవాత కుడి కన్ను.

టిక్. ముల్లు లేచింది. ఆమె మాట్లాడలేదు. ముల్లు సగానికి వచ్చింది. సగం దాటింది. నా మణికట్టు మీద ఆమె వేళ్లు అలాగే ఉన్నాయి, బిగించలేదు. ముల్లు చివరికంటా పోయి ఆగింది.

“ఏమంటోంది?” అన్నాడు డాక్టరు.

గంగులు అరుగు మీద అన్న మాట ఆ గదిలో మళ్లీ వినబడింది నాకు.

“సరిగ్గా ఆనలేదంట బాబూ. ఇంకోసారి సూడమంటన్నాది.”

ఆమె ఏమీ అనలేదు.

మళ్లీ టిక్. ముల్లు దాని చోటునుంచి గోరంత కదిలింది. ఆలస్యమైతే మళ్లీ చివరిదాకా పోతుందని భయం వేసింది.

“కనబడిందంట,” అన్నాను.

తవిటమ్మ ఉలిక్కిపడింది. “మావా, నాకేటీ...”

నేను ఆమె భుజం నొక్కాను.

“ఏమిటంటోంది?”

“బయమేస్తన్నాదంట బాబూ.”

ఆ తరవాత ఆమె ఇంక నోరు విప్పలేదు. నేనే అద్దంలోకి చూస్తూ జవాబులు చెప్పాను. ముల్లు కదిలితే కనబడిందన్నాను. కదలకపోతే లేదన్నాను. డాక్టరు మూడుసార్లు ఉత్తి స్విచ్చి నొక్కాడు. మూడుసార్లూ లేదన్నాను. ఒక్కటీ తప్పలేదు.

రంగనాథం లేచి నిలబడ్డాడు. ఆ నిద్రముఖం వెలిగిపోయింది. “ఎంత తక్కువ కరెంటుకి మెరుపు కనబడితే నరం అంత బాగున్నట్టు. ఎడమ కంట్లో నరం ఉంది గాని మందకొడిగా ఉంది. కుడి కన్ను చూడు! పొర పట్టిన కంట్లో ఇంత చురుకైన నరం నేనింతవరకు చూడలేదు. నా అనుమానం తప్పయింది. దొరికిన పొర కుడి కంటికే కుడతాను.”

“రెండిటికీ కుట్టరా బాబూ?”

“పదకొండు మంది ఎదురుచూస్తున్నారయ్యా. మనిషికి ఒకటే.”

రెండు కళ్లూ బతికున్నాయనిపించుకుని బయటపడాలనే నేను చూశాను. వాటిలో ఒకదాన్ని ఎంచుతారని నాకు తెలియదు. తొందరపడి గోరంత ముల్లుకే కనబడిందన్నాను కనక చచ్చిన కన్ను బతికిన కన్నుని మించిపోయింది. అప్పుడే నోరు విప్పి ఉంటే సరిపోయేది. బయట వరండాలో గుడ్డివాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. నేను తవిటమ్మ చెయ్యి పట్టుకుని వాళ్ల మధ్యనుంచి నడిచి వెళ్లిపోయాను.

పొర దొరికే దాకా ఊరు కదలొద్దన్నారు. ఆసుపత్రి వెనక సత్రంలో దిగాం. ఆ పంతొమ్మిది రోజులూ తవిటమ్మ ఒక్కసారే అడిగింది. నేను అన్నం వారుస్తున్నాను. ఆమె చాప మీద కూర్చుని ఉంది.

“మావా, డాక్టరు బాబుకి సెప్పీద్దుమా?”

“ఏటి సెప్పీది?”

“మెరిసింది ఎడం కంట్లోనని. సిన్నప్పుడు సూసిన సిచ్చుబుడ్డినాగ మెరిసింది మావా. కుడి కంట్లో ఏటీ నేదు. ఒట్టి సీకటి.”

“కుడి కన్ను మొన్నటిదాకా సూసిన కన్ను. ఎడమది పాతికేళ్ల గుడ్డిది. ఏది పనికొస్తాదో నీకు తెలుసా, డాక్టరుకి తెలుసా?”

“డాక్టరుకి నువ్వు సెప్పిందే గదా తెలుసు?”

గంజి గిన్నె కింద గట్టిగా పెట్టాను. “నోర్మూసుకో. అబద్దమాడినామని తెలిస్తే ఉన్నది కూడా కుట్టడు. గెంటీస్తాడు.”

నేను చెప్పింది నాకే నిజమనిపించడం మొదలైంది. మొన్నటిదాకా చూసిన కన్ను ఎందుకు చూడదు? కరెంటుకి జవాబు చెప్పకపోతే మాత్రం పొద్దు వెలుగుకి చెప్పదా? పగలంతా అలా సర్దుకునేవాణ్ణి. వీధిలో శవం మోసుకెళుతున్న డప్పు వినబడితే మాత్రం నా ప్రాణం జారిపోయేది. ఎవరైనా చస్తేనే మాకు పొర దొరికేది. పక్కనున్న గుడ్డివాళ్లు డప్పు వినగానే తలలెత్తి, చిన్నదా పెద్దదా అని అడిగేవారు, పోయినవాడి వయసు కోసం. నేనొక్కణ్ణే ఆ ఊళ్లో ఎవరూ చావకూడదని మొక్కుకున్నాను. అది నా మంచితనం కాదు.

పన్నెండో రోజున గంగులు వచ్చాడు. బియ్యం మూట, బెల్లం అచ్చు, అప్పకి ఒక కొత్త కోక.

“ఏటి బావా, సత్రం కూడు తిని సిక్కిపోనావు? మా అప్ప వండితే గాని దిగదు గావాల నీకు.”

నేను నవ్వలేదు. వాడు తిన్నగా డాక్టరు దగ్గరికి పోయి మాట్లాడి వచ్చాడు. వచ్చేసరికి వాడి నడక మారింది. సత్రం గుమ్మంలోనే వంగి నా కాళ్లు పట్టుకున్నాడు.

“బావా, సెమించు. నోటికొచ్చినట్టు కూసినాను. కుడి కంట్లో నరం నిగనిగలాడతన్నాదంట. నీ పసరు ఏటీ సెయ్యనేదంట. పదిమందిలో అన్నాను, పదిమందిలోనే ఒప్పుకుంటాను.”

“లెగు,” అన్నాను.

“నువ్వు తిట్టు బావా. తిడితే గాని లెగను.”

తవిటమ్మ చాప మీంచి వింటోంది. ముఖం మా వైపే ఉంది. ఒక్క మాట చాలు ఆమెకు. పరాయివాడు కాదు, సొంత తమ్ముడు. కొంగు అక్కర్లేదు. ఆమె నోరు తెరిచింది.

“లెగరా గంగులూ,” అంది. “సల్ది తిన్నావా?”

ఆ రోజుకి బతికాను. వాడి దండం నాకు ఉరి అయింది. ఇక నిజం చెప్పాలంటే ముందు వాడికి చెప్పాలి.

పంతొమ్మిదో రోజు తెల్లారగానే నర్సు కన్యాకుమారి పరిగెత్తుకుంటూ వచ్చింది. నెల్లిమర్ల వైపు ఒక కుర్రాడు పాము కరిచి పోయాడట, తల్లి ఒప్పుకుందట. రెండు కళ్లు. ఒకటి మాతోపాటు ఎదురుచూస్తున్న సోంపేట ముసలాయనకి, ఒకటి మాకు.

తవిటమ్మకు తల దువ్వి, గాజులు తీయించి, బల్ల మీద పడుకోబెట్టారు. కన్యాకుమారి చేతిలో ఎర్రమందు గిన్నె, పుల్లకు చుట్టిన దూది ఉన్నాయి. కొయ్యాల్సిన కంటిపైన నుదుటి మీద గుర్తు పెట్టడం ఆమె పని.

“కాగితంలో కుడి అని రాసుంది. అయినా పేషెంటుని అడగాలని డాక్టరుగారి రూలు. ఏ కన్నమ్మా?”

అడిగింది ఆడమనిషి. జవాబు చెప్పడానికి నేను అక్కర్లేదు. గదిలో మేం ముగ్గురమే. తవిటమ్మ తల నా వైపు తిప్పింది. తెల్లటి రెండు కళ్లూ నా మీదే ఉన్నాయి. ఎంతసేపో నాకు తెలియదు. కన్యాకుమారి దూది గిన్నెలో ముంచింది, అంచుకి రాసి తీసింది, మళ్లీ ముంచింది.

“కుడి,” అన్నాను.

“అమ్మా, అంతేనా?”

“ఆయన సెప్పినట్టే,” అంది తవిటమ్మ.

నుదుటి మీద ఎర్రటి గీత పడింది. తలుపు మూశారు.

తొమ్మిది రోజులు రెండు కళ్లకూ కట్టు. కదలకూడదు, దగ్గకూడదు. నేను పాలు తాగించాను, ఒళ్లు తుడిచాను, పక్క సర్దాను. పెళ్లయ్యాక నేను ఆమెకు చేసిన సేవ అంతా ఆ తొమ్మిది రోజుల్లోనే ఉంది. చేస్తున్నంతసేపూ పదో రోజు రాకూడదని కోరుకున్నాను.

వచ్చింది. రంగనాథం కట్టు విప్పాడు. పొర లేదు. నల్లగుడ్డు నిగనిగలాడుతోంది. తెల్లారి చెరువు నీళ్లంత తేటగా ఉంది. చుట్టూ సన్నటి దారపు కుట్లు. డాక్టరు దాన్ని చూసి మురిసిపోయాడు. తన రెండు వేళ్లు ఆమె ముఖం ముందు పెట్టాడు.

“ఎన్ని వేళ్లో అడుగు.”

నేను ఆమె మీదికి వంగాను. చెవి ఇచ్చాను. ఆయన వేళ్లు నాకు కనబడుతున్నాయి. రెండు. ఆమె ఏమన్నా సరే, రెండు అనడానికి నా నాలుక సిద్ధంగా ఉంది. ఆ సంగతి ఇన్నేళ్లయినా నన్ను వదలదు.

తవిటమ్మ నన్ను చేత్తో పక్కకు నెట్టింది. కొంగు వెనక్కి తీసేసింది. డాక్టరు గొంతు వచ్చిన వైపు ముఖం పెట్టింది.

“బాబూ, నాకేటీ కనిపించనేదు. ఆ దినం కూడా కుడి కంట్లో కనిపించనేదు. మెరిసింది ఎడం కంట్లోనే. నాను సెప్పనేదు. తప్పు నాది.”

మా వైపు మాటే. ఆయనకు ఒక్క ముక్క పొల్లుపోకుండా అర్థమైంది.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. మమ్మల్ని పెట్టె గదికి తీసుకెళ్లాడు. నేను ఆ రోజు నిలబడ్డ చోట తను నిలబడి, పెట్టె వైపు చూసి, బీరువా వైపు చూశాడు. తరవాత నన్ను బయటికి పొమ్మని తలుపు వేశాడు.

వరండాలో నిలబడ్డాను. తలుపు సందులోంచి టిక్కులు వినబడుతున్నాయి. ప్రతి టిక్కు తరవాత నిశ్శబ్దం. ఆ తరవాత తవిటమ్మ గొంతు.

“నేదు బాబూ.” టిక్. “నేదు.” టిక్. “నేదు.” అది కుడి కన్ను.

చాలాసేపు ఏమీ లేదు. కన్ను మారుస్తున్నాడు.

“నేదు.” టిక్. “నేదు... ఆఁ, ఇప్పుడు! ఇప్పుడు మెరిసింది!” టిక్. “నేదు, ఇప్పుడు కరెంటు ఒగ్గనేదు నువ్వు.”

లోపల డాక్టరు నవ్వినట్టు వినబడింది. పరాయి మగవాడితో నా భార్య అంత గట్టిగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. నాతో కూడా అంత గట్టిగా ఎన్నడూ మాట్లాడలేదు.

డాక్టరు తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి ఆ నవ్వు లేదు.

“ఎడమ కన్ను బతికే ఉంది. ఆ పూట నీ చెవిలో చెప్పినప్పుడూ బతికే ఉంది. కుడి కన్ను నువ్వు ఇక్కడికి తెచ్చేనాటికే చచ్చిపోయింది. ఒక మనిషి చెప్పాల్సిన జవాబు ఇంకో మనిషి నోట విన్నాను. అది నా తప్పు.” కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “పేరు మళ్లీ చివర్న రాస్తాను. పొర దొరికితే తంతి కొడతాను.”

ఆ సాయంత్రం బీరువా అద్దాలకు లోపలినుంచి కాగితం అంటించారు. తోడు వచ్చినవాళ్లను ఆ గదిలోకి రానివ్వడం మానేశారు. తంతి రాలేదు. మూడో ఏడు వానల్లో జ్వరం తగిలి తవిటమ్మ నాలుగు రోజుల్లో పోయింది. ఆ చావుకి గంగులు వచ్చాడు, శవం మోశాడు, నా గుమ్మంలో మంచినీళ్లు ముట్టకుండా వెళ్లిపోయాడు. వాడికి ఎవరు చెప్పారో నేను అడగలేదు. వాడిని మళ్లీ పిలవనూ లేదు.

కట్టు విప్పిన ఆ రోజు తరవాత, కుట్లు తీసేదాకా ఇంకో వారం ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. ఆ వారం తవిటమ్మ నాతో ఒక్క మాట ఆడలేదు. కన్యాకుమారితో ఆడింది, తోటి రోగులతో ఆడింది, ఊడ్చేవాడితో పరాచికాలాడింది. నేను పాలు తెస్తే తాగి గ్లాసు కింద పెట్టేది.

ఊరికి బయలుదేరే రోజు పొద్దున్న ఒక మనిషి వార్డులోకి వచ్చింది. చేతిలో గుడ్డ మూట. ఒక్కొక్క మంచం దగ్గరా ఆగి అడుగుతోంది. చివరికి మా దగ్గరికి వచ్చింది.

“పాతపట్నం వైపు కోడలు నువ్వేనేటమ్మా?”

“నానేనమ్మా. ఎవరు?”

“గున్నమ్మంటారు. నెల్లిమర్ల పక్క. నా కొడుకుని పాము కరిసింది.”

పక్క మంచాలవాళ్లు మా వైపు తిరిగారు.

“నిన్నటితో దినాలైపోనాయి,” అంది గున్నమ్మ. “ఆడి కళ్లు ఇద్దరికి ఎట్టినారంట. సోంపేట ముసిలాయన ఎల్లిపోనాడంట. నువ్వు ఉన్నావని నర్సమ్మ సెప్పింది. ఊరోలందరూ నన్ను తిడతన్నారమ్మా. కన్నకొడుకు కళ్లు పీకించిందని. ఒక్కపాలి సూసి ఎల్లిపోతాను.”

నేను గోడకు ఆనుకున్నాను. తవిటమ్మ డాక్టరుకు నిజం చెప్పిన తీరు నాకింకా చెవుల్లో ఉంది. ఇప్పుడూ చెబుతుంది. చెబితే ఈ మనిషి నా వైపు తిరిగి చూస్తుంది.

“సూపు వచ్చిందా అమ్మా?”

తవిటమ్మ మంచం మీద నిటారుగా కూర్చుంది. నిగనిగలాడే కుడి కంటిని ఆ గొంతు వచ్చిన చోటికి తిప్పింది.

“వచ్చిందమ్మా.”

“నాను కనిపిస్తన్నానా?”

“కనిపిస్తన్నావు.”

“ఎలాగున్నాను?”

“అలిసిపోనావు,” అంది తవిటమ్మ. “నిద్దర నేదు నీకు. గొంతుక ఆరిపోనాది. ఇలాగ కూకో.”

గున్నమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. తవిటమ్మ గడ్డం పట్టుకుని ఆ కంట్లోకి చాలాసేపు చూసింది. ఏడవలేదు. “ఆడూ అదే అనీవోడు. అమ్మా, పడుకోయే అని,” అంది. మూట విప్పి రెండు అరిసెలు ఆమె ఒళ్లో పెట్టింది. “దినాలకి వండినవి. తినకూడదంటే ఒగ్గీ.”

“తింతాను,” అంది తవిటమ్మ. అప్పుడే ఒకటి విరిచి నోట్లో పెట్టుకుంది.

గున్నమ్మ వెళ్లిపోయింది. అడుగుల చప్పుడు మెట్లు దిగేదాకా తవిటమ్మ నములుతూనే ఉంది. తరవాత, ఏడు రోజుల మీదట, నాతో మాట్లాడింది.

“ఎలాగున్నాది ఆయమ్మ?”

నేను ఖాళీ పాలగ్లాసు చేతిలోకి తీసుకున్నాను.

“నిజిం సెప్పు.”

చెప్పాను. పొట్టిగా ఉందన్నాను. నలుపు. మోచేతుల దాకా పచ్చబొట్లు. ముక్కుకి పుడక లేదు, కన్నం ఉంది. కోక నీరుకావిది, అంచు చిరిగింది. కాళ్లకు చెప్పుల్లేవు.

“ఇంకా?”

“ఇంకేటీ నేదు.”

“ఉంటాది,” అంది. “తిన్నగా సూడనేదు నువ్వు. మొకం ఎలాగున్నాది? నా కంట్లోకి సూసినప్పుడు ఎలాగున్నాది?”

అప్పుడు నేను నేలవైపు చూస్తూ ఉన్నాను.

“ఎల్లి సూసిరా,” అంది.

మెట్లు దిగి పరిగెత్తాను. గేటు దగ్గర రిక్షావాళ్లను అడిగాను. రోడ్డు ఆ చివరిదాకా, మార్కెట్టు మలుపుదాకా పోయాను. నీరుకావి కోకలు చాలా ఉన్నాయి. ఎవరూ ఆవిడ కాదు. వెనక్కి వచ్చేసరికి తవిటమ్మ రెండో అరిసెను కొంగున ముడేసుకుని, మూట సర్దుకుని, మంచం అంచున కూర్చుని ఉంది.

“కనబడనేదు,” అన్నాను.

“ఆఁ,” అంది. ఆ ఒక్క మాటా నమ్మింది.